దేవరకొండ పల్లెల్లో వాతావరణ సర్వే చేయించుకున్నాను: ఏజెన్సీకి ఐదుకు మూడు మార్కులు

వాతావరణ మార్పు గురించి, అందులో ప్రభుత్వ బాధ్యత గురించి జనం ఏమనుకుంటున్నారన్నది నా పీహెచ్‌డీ అంశం. దేవరకొండ చుట్టుపక్కల ఆరు ఊళ్లలో 240 ఇళ్ల సర్వేను ఒక ఏజెన్సీకి ఇచ్చాను. ఫారానికి 180 రూపాయలు.

మొదటి 40 ఫారాలు చూడగానే టెన్షన్ పట్టుకుంది. ‘వాతావరణ మార్పు గురించి విన్నారా?’ అంటే దాదాపు అందరూ లేదన్నారు. నేనే వెళ్లి ఒక బత్తాయి రైతును అడిగాను. “ఆ మాట నాకెర్కలేదు మేడం. వానలైతే ఎన్కటి లెక్క పడ్తలేవు. మూడు బోర్లేసిన, మూడూ ఎండినయ్” అన్నాడు. విషయం ఆయనకు నాకంటే బాగా తెలుసు. 2021-22లో యేల్ యూనివర్సిటీ, సీవోటర్ కలిసి దేశమంతటా చేసిన సర్వేలో 54 శాతం మంది భూతాపం గురించి కొంచెమే తెలుసనో, అసలు వినలేదనో చెప్పారు. అదేమిటో క్లుప్తంగా వివరించి అడిగితే 84 శాతం మంది అది జరుగుతోందన్నారు. ఇది చదివి కూడా ప్రశ్నలను ముందుగా ఒక ఊళ్లో అడిగి చూడకపోవడం నా తప్పే.

ఏజెన్సీ తరఫున వచ్చిన ఇద్దరమ్మాయిలు నల్లగొండ వాళ్లే. చాలా మంచి పనిమంతులు. ‘ప్రభుత్వమే చేయాలి’ అంటే అవునన్నవాళ్లే, ‘మన బాధ్యత మనదే’ అన్నా అవునంటున్నారని పట్టుకున్నది వాళ్లే. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి, ఒకటి ఎంచుకోమని అడుగుదామన్నారు. అప్పుడు జనం ఆగి, ఆలోచించి చెప్పారు.

పత్తి ఏరే రోజుల్లో పదకొండింటికి వెళ్తే ఆడవాళ్లు ఇంట్లో ఎందుకుంటారు? 40 ఫారాల్లో తొమ్మిదే ఆడవాళ్లవి. గట్టిగా అడిగాక సాయంత్రం ఆరు దాటాక మళ్లీ వెళ్లారు, అదనంగా డబ్బు అడగలేదు.

నాకు నిజంగా బాధ కలిగించింది తాళం వేసిన ఇళ్ల సంగతి. 31 ఇళ్లకు బదులు పక్కింటివాళ్లను అడిగి లెక్క సరిచేశారు. బోరెండి హైదరాబాద్ అడ్డా కూలికి పోయినవాళ్ల మాట లేకుండా నా పరిశోధనకు అర్థమేముంది? ఫోన్ చేయమంటే ఒప్పందంలో లేదన్నారు. ఆదివారాలు కూర్చుని 19 మందితో నేనే మాట్లాడాను.

మీరు ఇలాంటి పని అప్పగిస్తే, తాళం ఉన్న ఇంటికి మూడుసార్లు వెళ్లాలని, పక్కింటితో సరిపెట్టకూడదని ముందే కాగితం మీద రాయించుకోండి.