గుర్రాల వ్యాపారం నేర్చుకోవడానికి ఏది మేలు: కోర్సా, గుర్రపుశాలలో పనా?

గుర్రాలంటే ప్రేమ ఉంది, స్వారీ వచ్చు, కొంత పెట్టుబడీ సిద్ధంగా ఉంది; స్వారీ నేర్పడం లాంటి గుర్రాల వ్యాపారం నడపడం మాత్రం ఎక్కడ నేర్చుకోవాలి? చాలామంది నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. వాళ్ల ముందున్న ప్రధానమైన దారులు రెండు: అశ్వ నిర్వహణలో కోర్సు చేయడం, లేదా నిలదొక్కుకున్న గుర్రపుశాలలో పనికి కుదరడం.

కోర్సును తక్కువ చేయలేం. 500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 10 కిలోల ఎండుమేత ఎందుకు కావాలి, దాణాను కొద్దికొద్దిగానే ఎందుకు మార్చాలి, వాంతి చేసుకోలేని ఈ జంతువుకు కడుపునొప్పి వస్తే ఎందుకంత ప్రమాదం అన్నవి అక్కడ వరుసగా చెబుతారు. జమాఖర్చులు, బీమా, ఒప్పందాల సంగతీ తెలుస్తుంది. శాలలో మాత్రమే నేర్చుకున్నవారికి పని వచ్చినా కారణం తెలియకపోవచ్చు; యజమాని అలవాట్లన్నీ, తప్పులతో సహా, వాళ్లకూ అంటుకుంటాయి.

అయినా నా మొగ్గు శాల వైపే. సంపాదించని రోజున కూడా గుర్రం తింటుంది. ఈ వ్యాపారం బతకడం, మునగడం అంతా ఆ ఒక్క విషయం మీదే ఉంది. స్వారీ నేర్పే ఒక గుర్రానికి గిట్టలో చీము పట్టిందనుకోండి. పాఠాలు ఆగిపోతాయి. మేత ఆగదు, గుర్రాన్ని చూసుకునే సాయీసు జీతం ఆగదు, పైగా వైద్యుడి ఖర్చు వచ్చి పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించే ఖర్చు అన్ని గుర్రాలకూ ఉండనే ఉంటుంది. మంచి యజమాని ఒక్కో గుర్రం పేరున విడిగా లెక్క రాస్తాడు. కుంటుతున్న గుర్రానికి ఎన్నాళ్లు విశ్రాంతినివ్వాలి, దాని పాఠాలను ఏ గుర్రానికి ఎంతవరకు పంచవచ్చు, వయసు మళ్లినదాన్ని పోషించే ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి? ఈ నిర్ణయాలు తీసుకునేవారి పక్కన నిలబడి చూడాల్సిందే. అందుకే రాబడి తగ్గే నెలలు కూడా కలిసేలా కనీసం ఒక పూర్తి ఏడాది ఉండమంటాను.

కంటికి వచ్చే నేర్పు ఇంకొకటి. అనుభవం ఉన్నవాడు తెల్లవారగానే ముందు గుర్రాన్ని కాదు, దాని గదిని చూస్తాడు. రాత్రి వేసిన గడ్డి మిగిలిందా, లద్దె ఎప్పటికన్నా తక్కువగా ఉందా, నీళ్లు తగ్గాయా? అనుమానం వస్తే డొక్కకు చెవి ఆనించి పేగుల చప్పుడు వింటాడు. అది వినబడకపోతే వెంటనే వైద్యుడికి కబురు వెళుతుంది. గంట ముందు పట్టుకున్న కడుపునొప్పికీ గంట ఆలస్యంగా పట్టుకున్నదానికీ మధ్య గుర్రం ప్రాణమే తేడా కావచ్చు.

అయితే చేరే ముందే ఒక మాట తేల్చుకోండి: లెక్కల పుస్తకం చూపిస్తారా? చూపించకపోతే అక్కడ మీరు మాలీషు, శుభ్రం చేయడం నేర్చుకుంటారు గానీ వ్యాపారం నేర్చుకోరు. అలాంటిచోటికన్నా కోర్సే నయం.

సొంతంగా రెండు గుర్రాలు కొని చేస్తూ నేర్చుకోవడమంటే మన చదువుకు మూల్యం వాటి చేత కట్టించడమే, నేను ఒప్పుకోను. గుర్రాల పెంపకంతో మొదలుపెట్టడమూ అంతే: చూడి పదకొండు నెలలు, ఆపైన పిల్ల స్వారీకి పనికిరావడానికి ఏళ్లు. వీడియోలు పరిచయం వరకే.

వేరే ఉద్యోగం ఉండి ఏడాది కేటాయించలేనివారు సెలవు రోజుల్లో శాలకు వెళుతూ, సాయంత్రాలు జమాఖర్చుల కోర్సు ఒకటి చేయవచ్చు. శాలలో వారాంతాల రద్దీతో పాటు, స్వారీకి ఎవరూ రాని మామూలు రోజులు కూడా కొన్ని చూడండి.