పీఎం కిసాన్ చెల్లింపులు: పడితే సూటిగా పడతాయి, ఆగితేనే చిక్కు

కేంద్రం రైతు కుటుంబానికి ఇచ్చేది ఏడాదికి రూ.6,000, మూడు విడతల్లో రూ.2,000 చొప్పున. 2019 నుంచి నడుస్తున్న ఈ చెల్లింపులో మెచ్చుకోవాల్సిన గుణం, డబ్బు మధ్యలో ఎవరి చేతిలోనూ పడకుండా నేరుగా రైతు ఖాతాలోకి రావడం. తెలంగాణ రైతు భరోసాలా ఎకరాల లెక్క లేదు. అరెకరం ఉన్నా ఐదెకరాలు ఉన్నా అంతే మొత్తం.

విడత ఆగిందంటే మాత్రం రైతు ముప్పుతిప్పలు పడాల్సిందే. ఎందుకు ఆగిందో రైతుకు ఓ పట్టాన అర్థం కాదు. పీఎం కిసాన్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి స్టేటస్ తెరిస్తే చూడాల్సినవి మూడు: ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ), ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు జత కావడం), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (బ్యాంకు ఖాతాకు ఆధార్ జత కావడం). మూడింటికీ ‘యెస్’ ఉండాలి. నంబరు గుర్తులేకపోతే ఆధార్‌తోనో, నమోదైన మొబైల్‌తోనో అక్కడే తెలుసుకోవచ్చు.

ఎక్కువ మందిని ముంచేది మూడోది. ‘బ్యాంకులో ఆధార్ ఇచ్చాను కదా’ అంటారు. ఖాతాకు కేవైసీ కోసం ఆధార్ ఇవ్వడం వేరు, సర్కారు డబ్బు ఆ ఖాతాకే పడేలా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) జత చేయించడం వేరు. ఒక ఆధార్‌కు ఎన్‌పీసీఐలో ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరగా జత చేసినదే చెల్లుతుంది. ఎక్కడో కొత్త ఖాతా తెరిచినప్పుడు చూసుకోకుండా ఈ జతకు సమ్మతి ఇచ్చేస్తే, విడత పాత పాసుబుక్కులో కనిపించదు. డబ్బు పోదు, ఆ కొత్త ఖాతాలో ఉంటుంది. మై ఆధార్ సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుంది. మార్చాలంటే కావలసిన బ్యాంకుకు వెళ్లి ‘డీబీటీ (నేరుగా ఖాతాలోకి నగదు బదిలీ) కోసం ఆధార్ సీడింగ్’ అని స్పష్టంగా అడిగి ఫారం ఇవ్వాలి. కొన్ని రోజులాగి మళ్లీ చూసుకోవాలి.

ఈకేవైసీ తేలిక, ఆధార్‌కు మొబైల్ జతై ఉంటే ఓటీపీతో అయిపోతుంది. లేకపోతే మీసేవలోనో సీఎస్‌సీలోనో (కామన్ సర్వీస్ సెంటర్) వేలిముద్ర వేయాలి. పొలం పనితో వేళ్లు అరిగి ముద్ర పడని పెద్దవాళ్లకు పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి పూర్తిచేసే వీలు 2023లో వచ్చింది. ఈ సేవలో నిజంగా మంచి మార్పు ఇదే.

ల్యాండ్ సీడింగ్‌కు ‘నో’ ఉంటే నెట్ సెంటర్లో ఏమీ తేలదు. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని తెలంగాణలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి, ఆంధ్రలో రైతు సేవా కేంద్రానికి వెళ్లాలి. ఆధార్‌లో, పాసుపుస్తకంలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉన్నా పని ఆగే అవకాశం ఉంది.

దరఖాస్తుకు ముందు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని. భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికే పేరు మీద ఉండాలి. ఆ తర్వాత కొన్నవారికి రాదు, యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చినవారికి మినహాయింపు ఉంది. భార్యాభర్తలు, మైనర్ పిల్లలు కలిపి ఒకే కుటుంబం, ఒకరికే డబ్బు. ఆదాయపు పన్ను కట్టేవారికి ఇవ్వరు. సొంత భూమి లేని కౌలు రైతుకూ ఇవ్వరు. చెమటోడ్చి సాగు చేసేవారినే వదిలేయడం ఈ పథకంలో అతిపెద్ద లోపం, దీన్ని సరిదిద్దాల్సిందే.

మూడూ ‘యెస్’ ఉండి కూడా డబ్బు పడకపోతే 155261కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. రిజిస్ట్రేషన్ నంబరు చేతిలో పెట్టుకోండి.