మిత్ అంటే ఏమనాలి? పురాణమా, ఐతిహ్యమా, మిథ్యా, అపోహా... ఏది మేలు?

ఇంగ్లీషులో మిత్ అనే మాటది రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన వ్యవహారం. ప్రొఫెసర్ గారు గ్రీకు మిత్‌ల మీద క్లాసు చెప్తే అక్కడ అది మర్యాదైన మాట, అదే డాక్టర్ గారు వీడియోలో "జ్వరం వస్తే స్నానం చేయకూడదన్నది మిత్" అంటే అక్కడ అది ఉత్త అబద్ధం. వాళ్ళు సందర్భాన్ని బట్టి సర్దుకుపోతారు, మనకే వస్తుంది తంటా అంతా. ఫ్యామిలీ గ్రూపులో పైచదువులు చదివే కుర్రాడొకడు "మహాభారతం ఒక మిత్" అని పెడతాడు, వాడి లెక్కలో అది సబ్జెక్టు మాట, బాబాయికేమో "మహాభారతం అబద్ధం" అని వినపడుతుంది, ఇక సాయంత్రం దాకా గుడ్ మార్నింగ్ పూలు కూడా రావు ఆ గ్రూపులో.

అసలు గ్రీకులో మూథోస్ అంటే మొదట్లో మాట, చెప్పే కథ, అంతే. గ్రీకు ఆదికవి హోమర్ కాలానికి దాంట్లో అబద్ధం అనే వాసన లేదు, తర్వాత తర్వాత తత్వవేత్తలు దాన్ని తర్కానికి ఎదురుగా నిలబెట్టాక కట్టుకథ అనే రంగు పడింది. ఇంకో తమాషా, ఇంగ్లీషులో మిథాలజీ అనే మాట ముందొచ్చింది, మిత్ అనే పొట్టి మాట 19వ శతాబ్దంలో గానీ రాలేదు.

సరే, మన దగ్గరున్న మాటల్లో ఏది దీనికి సరిపోతుందో చూద్దాం అంటే నాకు గ్రహణాన్ని మించిన పరీక్ష కనపడలేదు, ఎందుకంటే అన్ని రకాల కథలూ దాని చుట్టూనే ఉన్నాయి.

మోహిని అమృతం పంచుతుంటే రాహువు దేవతల వరసలో దూరి కూర్చోవడం, సూర్యచంద్రులు పట్టివ్వడం, చక్రంతో తల తెగడం, ఆ కోపంతో ఇప్పటికీ వాళ్ళని మింగుతూ ఉండడం. ఇది పురాణ కథ. దీన్ని అపోహ అంటే నాకు నచ్చదు, మిథ్య అంటే అసలు నచ్చదు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం పురాణానికి పంచలక్షణం అని పేరు పెట్టింది, సృష్టి, ప్రళయం తర్వాత మళ్ళీ సృష్టి, వంశాలు, మన్వంతరాలు, రాజుల వంశ చరిత్రలు అని ఆ అయిదూ చెప్తారు. అంటే లోకం ఎలా పుట్టింది, ఎందుకిలా ఉంది అని చెప్పే పని పురాణానిది. 1965లో విలియమ్ బాస్కమ్ అనే అమెరికా జానపద పండితుడు కూడా మిత్‌ని దాదాపు ఇలాగే లెక్కగట్టాడు, చెప్పుకునేవాళ్ళు నిజమని నమ్మే, పవిత్రమైన, చాలా వెనకటి కాలపు కథ అని. ఆయన అడిగింది వాళ్ళు దాన్ని ఎలా తీసుకుంటారు అని, కథ నిజమా కాదా అని కాదు. 499 ప్రాంతంలోనే ఆర్యభటుడు చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు అని రాసేశాడు, అయినా రాహువు కథ ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే దాని పని వేరు.

ఇప్పుడు రెండోది. గ్రహణం రోజు పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి ఫోటోలు పెడతారు చూడండి, గ్రహణం కాబట్టే నిలబడింది అని. అడుగు చదునుగా ఉంటే, కాస్త ఓపిగ్గా పెడితే, ఆ రోకలి మామూలు మంగళవారం నాడు కూడా నిలబడుతుంది. అలాగే కడుపుతో ఉన్నామె గ్రహణం చూస్తే బిడ్డకి పెదవి చీలుతుందన్న మాట, పాపం ఆ నమ్మకం జబ్బు పేరులోకే ఎక్కేసింది, గ్రహణం మొర్రి అని. ఇక్కడ మాత్రం అపోహ అన్న మాటే కరెక్టు, పేపర్లలో "అపోహలు, వాస్తవాలు" అని వేసే శీర్షిక కూడా అందుకే అతికినట్టు ఉంటుంది. రాహువు కథనీ రోకలి ఫోటోనీ ఒకే మాట కింద తోసేయడం ఇంగ్లీషు వాళ్ళ ఇబ్బంది, మనకి ఆ ఖర్మ లేదు.

ఐతిహ్యం ఇంకా ముచ్చటైన మాట, కానీ దాన్ని లెజెండ్‌కి వాడుకోవాలి, మిత్‌కి కాదు. లేపాక్షి తీసుకోండి. గుడి 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో విరూపణ్ణ కట్టించాడు, ఆ మనిషి ఉన్నాడు, ఆ గుడి ఉంది. ఖజానా సొమ్ము వాడేశాడని నింద పడితే ఆయనే తన కళ్ళు పీకి గోడకేసి కొట్టాడనీ, ఆ ఎర్ర మరకలు అవేననీ చెప్పేది ఐతిహ్యం. అదే ఊళ్ళో రాముడు జటాయువుతో "లే పక్షీ" అన్నాడు కాబట్టి ఆ పేరొచ్చిందనేది పురాణంలోంచి ఊరికి దిగిన ఐతిహ్యం. మేడారంలో సమ్మక్క సారలమ్మల కథ, కాకతీయ సైన్యంతో పోరు, జంపన్న వాగు పేరు, ఇవీ ఈ కోవలోవే. ఊరూ, పేరూ, చూపించడానికి ఒక రాయో వాగో ఉంటే ఐతిహ్యం అనుకోండి, పెద్దగా తప్పు పోదు. ఇతిహాసం దీనికి చుట్టమే, "ఇలా జరిగిందట" అని అర్థం, కాకపోతే హిందీలో అది హిస్టరీ అయింది, మనకి రామాయణ భారతాల దగ్గర ఆగింది, హైదరాబాదులో హిందీ తెలుగు కలిపి మాట్లాడే చోట ఈ తేడా బాగా తికమక పెడుతుంది.

మిథ్యని మాత్రం పక్కన పెట్టేయండి బాబూ. మిత్, మిథ్య, వినడానికి కవలల్లా ఉన్నాయి గానీ రెంటికీ చుట్టరికం లేదు. హిందీ వాళ్ళు మిథక్ అని తయారు చేసుకున్నారు, వాళ్ళిష్టం. అద్వైతులు జగత్తు మిథ్య అంటే అబద్ధం అని కూడా కాదు, తాడు పాములా కనపడ్డట్టు, ఉన్నదీ అనలేం లేనిదీ అనలేం అని. అంత బరువైన మాటని తెచ్చి కథల మీద పెడితే అటు వేదాంతమూ పోతుంది ఇటు కథా పోతుంది. పుక్కిటి పురాణం అంటే ఇక తిట్టే, అవతలివాడితో గొడవకి సిద్ధపడితేనే వాడండి.

విమర్శ వ్యాసాల్లో పురాగాథ అని కూడా రాస్తున్నారు. గ్రీకువో, ఈజిప్టువో అయితే నాకు అదే బాగుంటుంది, ఎందుకంటే ఒట్టి పురాణం అనగానే మనకి అష్టాదశ పురాణాలే గుర్తొస్తాయి. అయితే పురాణం అంటే ఆ పద్దెనిమిదే అనుకోవడం కూడా పొరపాటే. చిందు కళాకారులు చెప్పే జాంబ పురాణం ఉంది, భూమి కన్నా ముందే పుట్టిన జాంబవుడి కథ, మాదిగల పుట్టుక చెప్పే కథ. కూనపులి అనే కథకుల కులం వాళ్ళు చేర్యాల బొమ్మల పటం విప్పి పద్మశాలీలకి మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్తారు. పండితులు వీటిని కుల పురాణాలు అని విడిగా పెట్టారు గానీ లోకం ఎలా పుట్టింది, అందులో మేమెక్కడ అని చెప్పేది మిత్ అయితే ఇవే అసలు సిసలు మిత్‌లు, చెప్పేవాళ్ళు కూడా పురాణం అనే అంటారు, ఇంకో మాట వెతకక్కర్లేదు.

విశేషణాల దగ్గర మనకి సినిమా వాళ్ళు ఎప్పుడో దారి వేసి పెట్టారు, పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అని. మిథలాజికల్‌కి పౌరాణికం, అనుమానమే లేదు. మిథికల్ అంటే లేనిది, ఊహలోది అనే అర్థంలో అయితే కల్పితం అని రాసేయొచ్చు. లెజెండరీకి ఐతిహాసిక అని రాస్తే చదివేవాడు రామాయణం దాకా వెళ్ళిపోతాడు కాబట్టి "లెజెండరీ సింగర్" లాంటి చోట లెజెండరీ అనే ఉంచేయడం నయం.