ఎచింగ్‌కి కొత్త ఫ్రేమ్: పనికి ఫుల్ మార్కులు, టైముకి సున్నా

మా ఇంట్లో చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్ (యాసిడ్‌తో గీతలు చెక్కిన లోహపు ప్లేటుతో కాగితం మీద తీసిన అచ్చు బొమ్మ) ఉంది, దానికి సికింద్రాబాద్‌లో ఒక చిన్న షాపులో ఫ్రేమ్ మార్పించాం. ముందు ఇంకో చోట అడిగితే, మార్జిన్ ఎక్కువగా ఉంది కత్తిరించేసి బోర్డుకి అతికించేద్దాం మేడమ్, చదునుగా కూర్చుంటుంది అన్నాడు. ఎచింగ్‌లో చదును చేయకూడనిదే అది కదా! ఆ ప్లేటు నొక్కినప్పుడు బొమ్మ చుట్టూ కాగితంలో పడే ఆ పల్లం, కింద పెన్సిల్‌తో వేసిన సంతకం, ప్రింటు నంబరు పోతే ఇక మిగిలేదేముంది?

ఈ షాపాయన మాత్రం పాత ఫ్రేమ్ విప్పి, మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే బోర్డు) అంచు టీ రంగుకి తిరగడం, అది ఆనిన చోట కాగితం మీద సన్నగా గోధుమరంగు గీత పడటం చూపించాడు. చవక బోర్డులో ఉండే యాసిడ్ చేసే పని అది. వెనకాలేమో సెల్లో టేపు, దాని జిగురు కాగితంలోకి ఇంకుతోంది. "మరకలు తీయడం నా పని కాదమ్మా, దానికి పాత బొమ్మలు బాగుచేసే నిపుణుడు, కన్సర్వేటర్‌ని చూడాలి, ఇకమీదట ముదరకుండా మాత్రం చూస్తాను" అన్నాడు, ఆ మాట నచ్చింది.

యాసిడ్ లేని కాటన్ బోర్డు వేశాడు, అందులో బొమ్మకి వదిలే కిటికీని ప్లేటు గుర్తూ సంతకమూ కనిపించేలా కాస్త వెడల్పుగా కోశాడు. కాగితాన్ని ఎక్కడా పూర్తిగా అతికించలేదు, పైఅంచున రెండే రెండు జపనీస్ కాగితం ముక్కలు, గోధుమ స్టార్చ్‌తో కాచిన జిగురు, అంతే, వానాకాలం తేమకి కాగితం సాగినా మళ్లీ బిగిసినా ముడతలు పడకుండా వేలాడుతుంది, రేపు విప్పాలన్నా తడిపితే ఊడొస్తుంది. మౌంట్ మందం వల్ల గ్లాసు బొమ్మకి తగలదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే యూవీ గ్లాసు వేయించుకున్నాం, అయినా ఎండ పడే గోడకి పెట్టొద్దన్నాడు. ఫ్రేమ్ వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు బుడిపెలు కూడా అంటించాడు, గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడటానికి.

ఇక టెన్షన్ సంగతి. వారం అన్నది నెల దాటింది, ఫోన్ ఎత్తడు, ఎత్తితే "రేపమ్మా". బిల్లు మామూలు షాపుకి మూడింతలు, అందులో గ్లాసుదే పెద్ద వాటా. క్యాలెండరు బొమ్మకో పెళ్లి ఫొటోకో ఇంత అక్కర్లేదు, వీధి చివర షాపు చాలు. చెక్కలో నలుపు, టేకు రంగు తప్ప వెరైటీ లేదు, బంగారు రంగు నగిషీ కావాలనుకుంటే ఇటు రాకండి.