పడుకునే ముందు వుజూ, వేడినీళ్ల స్నానం, పాదాలు నానబెట్టడం: నిద్రకు ఏది మేలు?

పడక చేరే ముందు నమాజుకు చేసినట్టే వుజూ (శుద్ధి కోసం చేతులు, ముఖం, పాదాలు కడుక్కోవడం) చేసి, కుడిపక్కకు తిరిగి పడుకోమన్న హదీస్, అంటే ప్రవక్త మాట, సహీహ్ బుఖారీ అనే హదీసుల సంకలనంలో ఉంది; ఉల్లేఖించినవారు ప్రవక్త సహచరుడు బరా బిన్ ఆజిబ్. ఆ వెంటనే వచ్చేది దుఆ, అంటే ప్రార్థన. గాఢనిద్ర పడుతుందన్న హామీ అందులో ఎక్కడా లేదు. కాబట్టి వుజూను నిద్రమాత్రలా చూడటం మొదటి పొరపాటు. నిద్రకు సాయపడుతుందా అంటే పడుతుంది, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయన్నదాన్ని బట్టి.

నిద్ర ముంచుకురావాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి. అది బయటికి పోయే ప్రధాన దారులు అరచేతులు, అరికాళ్లు. అక్కడి రక్తనాళాలు విప్పారితే వేడి తేలిగ్గా పోతుంది. పాదాలు వెచ్చగా ఉంటే త్వరగా కునుకు పడుతుందని బాసెల్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో చూపించారు. చన్నీళ్లు సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తాయి: నాళాలు ముడుచుకుంటాయి, ముఖం మీద పడితే మెలకువ వస్తుంది. ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) వేళ మత్తు వదిలించే వుజూయే రాత్రి అదే చన్నీళ్లతో జోకొట్టాలంటే ఎలా?

ఒక్క వేడి సంగతే చూస్తే స్నానానిదే పైచేయి. 40 నుంచి 42.5 డిగ్రీల సెల్సియస్ నీళ్లతో, పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు పది నిమిషాలు చేసినా నిద్ర త్వరగా పడుతుందని పాత అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి సమీక్ష తేల్చింది. చాలామంది చెడగొట్టుకునేది ఆ గంట దగ్గరే. ఒళ్లు తుడుచుకుని నేరుగా మంచమెక్కితే లోపలి వేడి ఇంకా దిగి ఉండదు. దుప్పటి కింద ఉక్కపోత, దొర్లడం.

వుజూకు అంత బలం లేదు. ప్రవక్త ఒక ముద్ (పాతకాలపు కొలత) నీళ్లతో, అంటే సుమారు ముప్పావు లీటరుతో, వుజూ ముగించేవారని హదీస్. రెండు మూడు నిమిషాల ఆ తడి ఒళ్లంతటినీ వెచ్చబరచలేదు. దాని బలం వేరే చోట ఉంది: రోజూ అదే వరస. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తలకు మసహ్ (తడిచేతులతో తుడవడం), చివరగా పాదాలు. పద్ధతి మారని పని రోజూ అదే వేళకు జరిగితే పడుకునే వేళయిందని మనసుకు అలవాటవుతుంది.

నీళ్లు గోరువెచ్చగా పెట్టుకోండి. చలి బాధలోనూ లోపం లేకుండా వుజూ చేయడాన్ని హదీస్ మెచ్చుకుంది గానీ, కావాలని చలి కొనితెచ్చుకోమనలేదు. పాదాల దగ్గర తొందరపడొద్దు. ఎడమచేతి చిటికెనవేలితో కాలివేళ్ల సందులన్నీ ఖిలాల్ చేసి, అంటే వేలు దూర్చి రుద్ది, చీలమండల దాకా కడిగాక, పొడిగుడ్డను ఒక్కో సందులో దూర్చి తుడవండి. సందుల్లో మిగిలిన తడి ఆరుతూ పాదాన్ని చల్లబరుస్తుంది. రోజూ అలాగే వదిలేస్తే చర్మం నాని చెడటం, దురద. తర్వాత పలచని మేజోళ్లు. ఇషాకు (రాత్రి నమాజుకు) చేసిన వుజూ చెడకుండా నిలిచే ఉంటే మళ్లీ చేయనక్కర్లేదు.

కాళ్లు మంచుముక్కల్లా ఉండేవాళ్లకు పాదాలు నానబెట్టడమే మేలు: 40 డిగ్రీల నీళ్లలో చీలమండలు మునిగేలా పది, ఇరవై నిమిషాలు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు, కాలినా తెలియదు.

మా ఓటు: స్నానం ముందుగా, గోరువెచ్చని వుజూ చివరగా. స్నానానికి వీలు లేని రోజు వుజూ ఒక్కటే చాలు. ఏది చేసినా స్నానాలగదిలో తెల్లటి లైటు ముఖాన కొట్టకుండా చూసుకోండి, వచ్చాక ఫోను తీయకండి. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా మూడు నెలలుగా నిద్ర పట్టకపోయినా, గురకలో మధ్యమధ్య ఊపిరి ఆగుతున్నా డాక్టరును కలవాలి. అది నీళ్లతో తీరేది కాదు.