ఐరోపా పౌర చొరవ పోర్టల్: సంతకం వరకూ భేష్, జవాబు దగ్గరే లోటు

ఐరోపా సమాఖ్య రాజకీయాల్లో సామాన్య పౌరుల పాత్ర గురించి పరిశోధన చేస్తున్నాను. ఫలానా విషయంపై చట్టం ప్రతిపాదించమని సమాఖ్య పాలనా సంస్థ అయిన ఐరోపా కమిషన్‌ను పౌరులు సంతకాలతో కోరే పద్ధతి ‘యూరోపియన్ సిటిజన్స్ ఇనిషియేటివ్’. అలాంటి విజ్ఞప్తుల కోసం కమిషన్ నడిపే పోర్టల్‌ను దాదాపు రోజూ వాడతాను. సంతకం చేసే హక్కు సభ్యదేశాల పౌరులకే ఉంది, భారత పౌరురాలినైన నాకు లేదు. నాతో పనిచేసే జర్మన్ పరిశోధకురాలు ఒక విజ్ఞప్తికి సంతకం చేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను.

ఆ పని కొద్ది నిమిషాల్లోనే అయిపోయింది. ముందుగా ఏ దేశ పౌరులో అడుగుతుంది, దాన్నిబట్టి ఫారం మారుతుంది. జర్మన్లు చిరునామా, పుట్టిన తేదీ రాస్తే చాలు. ఇటలీ, స్పెయిన్ పౌరులు గుర్తింపు పత్రం సంఖ్య ఇవ్వాలి. సైటు 24 అధికార భాషల్లోనూ ఉంది. 2020 నుంచి అమల్లో ఉన్న నిబంధనల వల్ల సంతకాలు సేకరించే వెబ్ వ్యవస్థను కమిషనే ఉచితంగా ఇస్తోంది. డబ్బులేని చిన్న బృందాలకు ఇది నిజమైన మేలు.

సంతకాలు కోరేవారి పని మాత్రం అంత తేలిక కాదు. ఏడు వేర్వేరు సభ్యదేశాల్లో నివసించే కనీసం ఏడుగురు పౌరులు బృందంగా ఏర్పడాలి. 12 నెలల్లో 10 లక్షల సంతకాలు కావాలి, కనీసం ఏడు దేశాల్లో దేశానికింత అన్న పరిమితినీ దాటాలి. ఈ పరిమితి ఐరోపా పార్లమెంటులో ఆ దేశానికున్న సీట్లను బట్టి ఉంటుంది: జర్మనీలో 69,120, మాల్టాలో 4,320. ఏ దేశంలో ఎన్ని వచ్చాయో ప్రతి విజ్ఞప్తి పేజీలోనూ పట్టికగా కనిపిస్తుంది. ఐరోపా ఏకీకరణ ఎంతవరకు జనంలోకి వెళ్లిందో తెలుసుకోవాలంటే నేను ముందు చూసేది ఈ పట్టికనే. ఒక దేశంలో పరిమితికి ఎన్నో రెట్లు పోగై, పొరుగు దేశంలో అక్కడి పరిమితిలో పదోవంతు కూడా రాకపోతే, ఆ సమస్య సరిహద్దు దాటలేదని అర్థం. 2013లో తాగునీటి హక్కు కోసం వచ్చిన 16 లక్షలకు పైగా సంతకాల్లో అత్యధికం జర్మనీవే.

ఈ పోర్టల్‌లో నాకు అన్నిటికంటే విలువైనది పాత రికార్డు. గెలిచినవే కాదు, గడువు ముగిసినవి, వెనక్కు తీసుకున్నవి, సంతకాల సేకరణకు ముందు తప్పనిసరైన నమోదుకే కమిషన్ నిరాకరించినవి కూడా కారణాలతో సహా అక్కడ ఉంటాయి. ఒక్కో దాత నుంచి 500 యూరోలకు మించి అందితే ఆ వివరమూ బయటపెట్టాలి. అమెరికాతో వాణిజ్య ఒప్పందాన్ని ఆపమన్న విజ్ఞప్తిని 2014లో కమిషన్ నమోదు చేయలేదు. నిర్వాహకులు అధికారిక పద్ధతికి వెలుపలే 30 లక్షలకు పైగా సంతకాలు కూడగట్టారు. 2017లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానమైన జనరల్ కోర్టు ఆ నిరాకరణను కొట్టేసింది. ఒక పాలనా సంస్థ తన తిరస్కారాలను ఇలా అందరి ముందూ ఉంచడం చాలా మంచి పద్ధతి, దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

లోటల్లా జవాబు దగ్గరే. పది లక్షలు దాటాక ఐరోపా పార్లమెంటులో బహిరంగ విచారణ జరుగుతుంది, ఆరు నెలల్లో కమిషన్ సమాధానమిస్తుంది. చట్టం తెచ్చి తీరాలన్న నిబంధన మాత్రం లేదు. మైనారిటీ భాషలు, సంస్కృతుల రక్షణ కోరినవారు ముందు కోర్టుకెళ్లి నమోదు హక్కు గెలుచుకున్నారు, తర్వాత 11 లక్షలకు పైగా సంతకాలు తెచ్చారు. ఉన్న చట్టాలే చాలని 2021 జనవరిలో కమిషన్ తేల్చేసింది. పశువులను, కోళ్లను బోనుల్లో పెంచడం ఆపాలన్న విజ్ఞప్తికి దాదాపు 14 లక్షల సంతకాలు వచ్చాయి. 2023 చివరికల్లా చట్ట ప్రతిపాదన తెస్తామని కమిషన్ మాట ఇచ్చింది. ఆ గడువు ప్రతిపాదన లేకుండానే దాటిపోయింది. ఇది నన్ను బాధించే విషయం. ఓటు వేయడమే తప్ప, కమిషన్ ఉండే బ్రసెల్స్‌తో మరే సంబంధమూ లేని మనిషి తన పేరు, చిరునామా రాసి ఇస్తున్నారు. ఆ నమ్మకానికి వేళ తప్పని జవాబైనా దక్కాలి.

అలాగని మొత్తం వృథా అనే వాదనను ఒప్పుకోను. తాగునీటి విజ్ఞప్తి తర్వాత 2018లో కమిషన్ తాగునీటి చట్టానికి సవరణలు ప్రతిపాదించింది, 2020 డిసెంబరులో కొత్త చట్టం ఆమోదం పొందింది. ఏళ్లు పట్టినా, ఆ సంతకాలు చట్టం దాకా చేరాయి.

అయిదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నర పూర్తిగా జవాబు విషయంలోనే. కమిషన్ మాట ఇచ్చిన ప్రతి విజ్ఞప్తి పేజీలోనూ ఆ మాట గడువు, ఇప్పటి స్థితి, ఆలస్యానికి కారణం పైనే కనిపించేలా పెడితే ఇంకో అర మార్కు సంతోషంగా కలుపుతాను. ఈ రంగంలో పరిశోధన మొదలుపెట్టేవారు గెలిచిన విజ్ఞప్తుల కంటే ముందు తిరస్కార లేఖలు చదవండి. కమిషన్ తన అధికారానికి హద్దు ఎక్కడ గీసుకుంటుందో వాటిలో వాక్యం వాక్యంగా తెలుస్తుంది.