మిద్దె మీద సిలికాన్: కావలి ఎండలో కొన్నేళ్ల అనుభవం

కావలిలో మా మిద్దె మీద సిలికాన్ సోలార్ ప్యానెళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. ఇన్ని వేసవులు చూశాక నేను చెప్పగలిగేది ఒక్కటే: సిలికాన్‌కు వెలుతురు కావాలి, వేడి అక్కర్లేదు. ఈ తేడా తెలియకుండా కొన్నవారికి రోహిణి కార్తెలో నిరాశ తప్పదు.

మాకు అమ్మినాయన ‘ఎండ ఎంత మండితే అంత కరెంటు’ అని చెప్పారు. ఇన్వర్టర్ మాత్రం ఆ మాట ఒప్పుకోదు. ఆకాశం తేటగా ఉండి చల్లగాలి వీచే ఫిబ్రవరి మధ్యాహ్నం దాని తెర మీద కనిపించే అంకె మే నెల మిట్టమధ్యాహ్నం కనిపించదు. ప్యానెల్ వెనక రాసి ఉండే వాట్లు దానిలోని సెల్ (వెలుతురును కరెంటుగా మార్చే సిలికాన్ బిళ్ల) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. వడగాలి రోజుల్లో సెల్ వేడి 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున తగ్గి, 335 వాట్ల ప్యానెల్ 280 దగ్గరే ఆగిపోతుంది.

దీనికి కారణం ఆ మూలకం స్వభావంలోనే ఉంది. పరమాణు సంఖ్య 14 గల సిలికాన్ తన నాలుగు బాహ్య ఎలక్ట్రాన్లతో పక్కనున్న నాలుగు పరమాణువులను పట్టుకుని ఉంటుంది. ఆ బంధం నుంచి ఒక ఎలక్ట్రాన్ విడివడడానికి 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. కంటికి కనిపించే వెలుతురు మొత్తానికీ అంతకు మించిన శక్తే ఉంది. ఒక పొరలో బోరాన్, మరో పొరలో ఫాస్ఫరస్ రవ్వంత కలిపితే, ఆ రెండూ కలిసే చోట పుట్టే విద్యుత్ క్షేత్రం విడివడ్డ ఎలక్ట్రాన్లను ఒకే దిక్కుకు తోస్తుంది. అయితే సెల్ కాగిన కొద్దీ వేడికే ఆవేశ కణాలు పుట్టుకొచ్చి లోపలి లీకేజీ పెరుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది. ఈ విషయంలో సిలికాన్ లాంటిదే అయిన మరో మూలకం జెర్మేనియం ఇంకా బలహీనం. ట్రాన్సిస్టర్లలో సిలికాన్ దాన్ని పక్కకు నెట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

ఉప్పుగాలి గురించి చాలామంది అడుగుతారు. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే గాలికి మా బోల్టులు తుప్పు పట్టాయి, ఒక కనెక్టర్ మార్చవలసి వచ్చింది, కానీ గాజు కింద ఉన్న సిలికాన్‌కు ఏమీ కాలేదు. ఉప్పు కన్నా నన్ను విసిగించింది కొబ్బరి మట్ట నీడ. ఒక్కొక్కటీ అర వోల్టుకు కాస్త పైగా ఇచ్చే సెల్లు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి, ఒకదాని మీద నీడ పడినా ఆ వరుస మొత్తం కుంటుపడుతుంది. నీడ పడ్డ సెల్లను తప్పించి కరెంటును పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు నష్టాన్ని తగ్గిస్తాయే తప్ప పూర్తిగా ఆపలేవు. మట్ట కొట్టించడమే చవక.

చిల్లకూరు, కోట తీరంలో సిలికా ఇసుక దండిగా ఉండగా ప్యానెళ్లకు ఇంత ధర ఎందుకని మా వీధిలో ఒకాయన అడిగారు. ఆ ఇసుకతో గాజు చేయడం తేలికే. సెల్ కావాలంటే క్వార్ట్జ్ అనే సిలికా రాయిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కాల్చి ఆక్సిజన్‌ను విడదీయాలి, వచ్చిన సిలికాన్‌ను వాయు రూపంలోకి మార్చి శుద్ధి చేయాలి, ఆపైన 1414 డిగ్రీలు దాటించి కరిగించి స్ఫటికంగా పెంచాలి. ఖర్చంతా అక్కడే.

కొత్తగా కొనేవారు వాట్లతో పాటు డేటా షీట్‌లో ఉష్ణోగ్రత గుణకం, అంటే డిగ్రీ వేడికి ఎంత శాతం కరెంటు తగ్గుతుందో చెప్పే అంకె, కూడా చూడండి. ఇప్పుడు దొరుకుతున్న ఎన్-టైప్ (ఫాస్ఫరస్ కలిపిన సిలికాన్ ఆధారంగా చేసే) ప్యానెళ్లలో అది డిగ్రీకి 0.3 శాతం దగ్గర ఉంటోంది. మన నెల్లూరు జిల్లా ఎండలకు ఆ కాస్త తేడా కోసం కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ప్యానెళ్ల కింద గాలి ఆడేలా స్టాండును జానెడు ఎత్తు పెంచమని కూడా పనివాళ్లకు ముందే చెప్పండి.